బటర్‌నట్ దొరకని చోట మన తీపి గుమ్మడితో చిక్కని గుమ్మడి–టమాటా సూప్ ఎలా చేయాలి?

వల్లి (పటమట, విజయవాడ)

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి దవడ పళ్లు రెండు తీశారు. అందువల్ల ఇంకొన్నాళ్ల పాటు ఆయనకు నమలనక్కర లేని ఆహారమే పెట్టాలి. జావలంటే ఆయనకు మొదటి నుంచీ ఇష్టం లేదు, మెత్తని పప్పన్నం తిని తిని విసిగిపోయారు. గుమ్మడికాయ పులుసు మాత్రం ఎప్పుడు చేసినా ఇష్టంగా తింటారు కనుక, గుమ్మడికాయ, టమాటా కలిపి మీగడలా మెత్తగా ఉండే సూప్ చేసి పెట్టాలని అనుకుంటున్నాను.

నేను చూసిన వీడియోల్లో అందరూ బటర్‌నట్ అనే పొడవాటి కాయతోనే చేస్తున్నారు. మా రైతు బజారులో దొరికేదేమో చెక్కలుగా కోసి తూకానికి అమ్మే పెద్ద తీపి గుమ్మడి. దానితో చేసినా అంత చిక్కదనం, అంత నునుపు వస్తాయా? మైదా, కార్న్‌ఫ్లోర్ వేయకుండా చేయాలని నా కోరిక. టమాటా పులుపుకు పాలు గాని మీగడ గాని విరిగిపోకుండా ఎలా కలపాలో కూడా తెలియజేయండి. మా ఇంట్లో ఓవెన్ లేదు. కుక్కరు, మిక్సీ, మందపాటి ఇనుప మూకుడు ఉన్నాయి. నలుగురికి సరిపడే కొలతలు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

రావు (అరండల్‌పేట, గుంటూరు)

వల్లి గారికి నమస్కారం. పెళ్లిళ్లకు, విందులకు వంటలు చేయించే పనిలో ఉన్నవాణ్ణి కనుక మేము అనుసరించే పద్ధతి చెబుతాను. గుమ్మడి ముక్కలు, టమాటాలు, ఉల్లిపాయ, వెల్లుల్లి అన్నీ కుక్కర్లో వేసి, మూడు కూతలు వచ్చాక దించి, చల్లారిన తరువాత మిక్సీలో తిప్పి వడకడతాము. ఆ గుజ్జును మళ్లీ పొయ్యి మీద పెట్టి, మరుగుతున్నప్పుడు చల్లటి నీళ్లలో కలిపిన కార్న్‌ఫ్లోర్ లీటరుకు రెండు పెద్ద చెంచాల చొప్పున పోస్తే రెండు నిమిషాల్లో చిక్కబడుతుంది.

పిండి వద్దని మీరు ముందే చెప్పారు. అయితే మన గుమ్మడిలో నీరు ఎక్కువన్న సంగతి మీరు గుర్తుంచుకోవాలి. పిండి వేయని సూప్ గిన్నెలో పోసిన కాసేపటికే గుజ్జు అడుగుకు దిగి, పైన పలుచని నీరు తేలుతుంది. వంద మందికి వడ్డించేచోట ఆ పరిస్థితి రానివ్వకూడదు కనుకనే మేము పిండి వాడతాము.

అన్నపూర్ణ (బ్రాడీపేట, గుంటూరు)

అమ్మా వల్లీ, నాన్నగారు త్వరగా కోలుకోవాలి. సూప్ అనే పేరు కొత్తదే గాని, గుమ్మడికాయను పులుపుతో కలిపి వండడం మనకు కొత్త కాదు. సంక్రాంతికి దప్పళం పెట్టని ఇల్లు మన వైపు అరుదు. ఆ దప్పళం దగ్గర పెద్దవాళ్లు నేర్పిన జాగ్రత్త ఒకటి నీ సూప్‌కు కూడా పనికివస్తుంది. గుమ్మడి ముక్క పూర్తిగా మెత్తబడిన తరువాతనే చింతపండు పులుసు పోయాలి. ముందే పోస్తే ముక్క బిగుసుకుపోయి, ఎంతసేపు ఉడికించినా నడిమధ్య పలుకు మిగిలిపోతుంది. టమాటా పులుపు కూడా పులుపే కనుక రావు గారు చెప్పినట్లు అన్నీ ఒకేసారి కుక్కర్లో వేయడం నాకు సమ్మతం కాదు. గుమ్మడిని విడిగా మెత్తబరచి, టమాటాను విడిగా మగ్గబెట్టి, చివరికి రెండింటినీ కలుపుకో.

చిక్కదనం కోసం పిండి ఎందుకమ్మా? రెండు పెద్ద చెంచాల పెసరపప్పును దోరగా వేయించి మెత్తగా ఉడికించి, ఆ గుజ్జుతో పాటే మిక్సీలో వేస్తే నీరు విడిపోదు, పళ్లు తీయించుకున్న మనిషికి కాస్త బలం కూడా. కందిపప్పు వేస్తే మాత్రం అది సాంబారు రుచిలోకి వెళ్లిపోతుంది.

కిరణ్ (బాపట్ల, ప్రస్తుతం విజయవాడలో)

నేను ఆహార సాంకేతిక శాస్త్రం చదివినవాణ్ణి. అన్నపూర్ణ పిన్నిగారు చెప్పిన మాటకు శాస్త్రపరమైన ఆధారం ఉంది. కూరగాయ ముక్కల్లో కణాలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. ముక్క మెత్తబడడమంటే వేడికి ఆ పెక్టిన్ కరిగి కణాలు విడిపోవడమే. పుల్లని నీటిలో పెక్టిన్ త్వరగా కరగదు. అలా సగం ఉడికిన ముక్కను మిక్సీలో ఎంత తిప్పినా నాలుకకు రవ్వలా తగులుతూనే ఉంటుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. రావు గారు నీటి సంగతి సరిగ్గా పట్టుకున్నారు, కాని దానికి మందు పిండి కాదని నా అభిప్రాయం. 100 గ్రాముల పచ్చి బటర్‌నట్‌లో సుమారు 86 గ్రాములు నీరు ఉంటే, సాధారణ గుమ్మడిలో సుమారు 91 గ్రాములు ఉంటుంది. చూడడానికి తేడా ఐదు గ్రాములే. కాని నీరు పోగా మిగిలే పదార్థం ఒకదానిలో 14 గ్రాములు, మరొకదానిలో 9 గ్రాములు అన్నప్పుడు ఆ తేడా ఎంత పెద్దదో అర్థమవుతుంది. బటర్‌నట్ సూప్‌కు మీగడ వేయకముందే వచ్చే చిక్కదనం ఆ పదార్థం వల్లనే వస్తున్నది. కనుక మన గుమ్మడి నుంచి అదనపు నీటిని ముందుగా ఆవిరి రూపంలో పంపించివేస్తే, మన కాయ కూడా ఆ స్థితికే చేరుతుంది. లెక్క వేస్తే 600 గ్రాముల ముక్కలు సుమారు 400 గ్రాములకు దిగాలి. ఇంట్లో చిన్న త్రాసు ఉంటే తూచి చూసుకోవచ్చు.

ఈ దృష్టితో చూస్తే, ఈ సూప్‌కు కుక్కరు ఏమాత్రం తగిన పాత్ర కాదు. మూత బిగించిన కుక్కరులో నుంచి నీరు పెద్దగా బయటకు పోదు, పైగా అడుగంటకుండా మనమే ఇంకొంత నీరు పోస్తాము. వెడల్పైన ఇనుప మూకుడు మీ ఇంట్లో ఉన్నదన్నారు కనుక ఓవెన్ లేని లోటు మీకు తెలియదు.

శ్రీను (ఉండవల్లి)

మాది కృష్ణ ఒడ్డున కూరగాయల సాగు. కాయ ఎంపిక గురించి ఎవరూ చెప్పలేదు కనుక నాలుగు మాటలు వ్రాస్తున్నాను. ముదిరిన కాయ తీసుకుంటేనే ఈ సూప్‌కు పనికివస్తుంది. తీగ మీద పూర్తిగా పండిన గుమ్మడికి తొడిమ ఎండి బెండులా గట్టిపడుతుంది, తోలు మీద మెరుపు తగ్గుతుంది, గోరు గుచ్చితే దిగదు. తొడిమ ఇంకా పచ్చగా ఉండి, గోరు సులువుగా దిగితే అది లేత కాయ. కూరకు బాగుంటుంది గాని, సూప్‌కు నీళ్లే మిగులుతాయి.

చెక్కలుగా కోసినది కొనేటప్పుడు లోపలి రంగును చూడండి. పసుపు రంగు కన్నా ముదురు నారింజ రంగు మేలు. గింజల చుట్టూ ఉండే పీచు జిగురుగా, తడిగా కారుతున్న చెక్కను వదిలిపెట్టి, కండ గట్టిగా, మందంగా ఉండి చేతికి బరువుగా తగిలే చెక్కను అడగండి. ఒకే పరిమాణంలో ఉన్న రెండు చెక్కలను రెండు చేతుల్లో పట్టుకుంటే తేడా మీకే తెలుస్తుంది.

బటర్‌నట్ గురించి కూడా ఒక మాట. అది మనకు పరాయి కాయ ఏమీ కాదు. మన దగ్గర పండే తీపి గుమ్మడి రకాల్లో చాలా వాటిది, బటర్‌నట్‌ది ఒకటే జాతి. శాస్త్రీయంగా దానిని కుకుర్బిటా మోస్కేటా అంటారు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క చందన్ అనే రకం కూడా ఆ జాతిదే. కాయ రెండు మూడు కిలోలకు మించదు, కండ చక్కని నారింజ రంగులో ఉంటుంది. చిన్న కుటుంబానికి నిండు కాయ కొనుక్కోవాలంటే అటువంటి రకం అనువుగా ఉంటుంది. నిండు కాయను గాలి తగిలే పొడి చోట పెడితే నెలల తరబడి నిలుస్తుంది. నిలవ ఉన్న కొద్దీ అందులోని పిండి పదార్థం కొంత చక్కెరగా మారుతుంది కనుక కొత్త కాయ కన్నా కొన్ని వారాలు నిలిచిన కాయ తియ్యగా ఉంటుంది.

కిరణ్ (విజయవాడ)

శ్రీను గారు చెప్పిన దానికి ఒక హెచ్చరిక జోడించడం అవసరం. గుమ్మడి ముక్కను వండే ముందు పచ్చిగా చిటికెడంత నాలుక మీద పెట్టి చూడండి. చేదు తగిలితే ఉమ్మివేసి, ఆ చెక్క మొత్తాన్ని పారవేయండి. గుమ్మడి, సొర, బీర, దోస కుటుంబంలో అరుదుగా ఏర్పడే కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాల వల్ల ఆ చేదు వస్తుంది. ఉడికించినంత మాత్రాన అవి పోవు. చేదుగా ఉన్న సొరకాయ రసం తాగవద్దని భారత వైద్య పరిశోధన మండలి నిపుణులు చెప్పినది కూడా ఈ కారణంగానే. టమాటాతో కలిపి మిక్సీలో తిప్పిన తరువాత చేదును గుర్తుపట్టడం కష్టం కనుక ముందే చూసుకోవాలి.

వల్లి (పటమట, విజయవాడ)

ఇన్ని వివరాలు తెలిపినందుకు అందరికీ కృతజ్ఞతలు. నీటిని ఇగిర్చే పద్ధతి నాకు బాగా నచ్చింది. అయితే మూకుడులో ముక్కలను ఎంతసేపు ఉంచాలి, మూత పెట్టాలా వద్దా, ఉప్పు ఎప్పుడు వేయాలి అన్నవి స్పష్టంగా తెలిస్తే రేపే మొదలుపెడతాను. టమాటాలు కూడా ఆ మూకుడులోనే మగ్గబెట్టవచ్చా?

లక్ష్మి (మంగళగిరి)

వల్లి గారూ, టమాటాలను ఇనుప మూకుడులో మాత్రం మగ్గబెట్టవద్దు. పులుపు ఇనుమును కరిగిస్తుంది, దానివల్ల సూప్ నల్లబడి లోహపు రుచి వస్తుంది. గుమ్మడికి ఇనుప మూకుడు, టమాటాకు స్టీలు గిన్నె వాడండి. మా ఇంట్లో నేను చేసే విధానం కొలతలతో వ్రాస్తున్నాను. కిరణ్ గారు చెప్పిన లెక్కకు ఇది దాదాపు సరిపోతుంది.

నలుగురికి 800 గ్రాముల చెక్క కొంటే తోలు, గింజలు, పీచు తీసేసిన తరువాత సుమారు 600 గ్రాముల కండ మిగులుతుంది. దానిని బొటనవేలి మందాన ముక్కలు చేసి, తడి లేకుండా గుడ్డతో అద్దండి. మూకుడు బాగా కాలిన తరువాత ఒకటిన్నర పెద్ద చెంచాల వేరుశనగ నూనె వేసి, ముక్కలను ఒకదాని మీద ఒకటి పడకుండా ఒకే వరుసగా పరవండి. అన్నీ పట్టకపోతే రెండు విడతలుగా చేయండి, ఎందుకంటే ముక్కలను కుప్పగా పోస్తే అవి వేగవు, తమ ఆవిరిలో తామే ఉడికి నీరు వదులుతాయి. మూత పెట్టవద్దు, ఉప్పు కూడా ఇప్పుడే వేయవద్దు. ఉప్పు తగలగానే ముక్క తన నీటిని ఒక్కసారిగా వదిలి మూకుడు చల్లబడుతుంది.

మధ్యస్థమైన సెగ మీద ముక్కలను మూడు నాలుగు నిమిషాలు కదపకుండా వదిలిపెట్టండి. మొదట చుయ్యిమని వినిపించే తడి చప్పుడు క్రమంగా తగ్గి, పొడిపొడిగా చిటపటమనడం మొదలవుతుంది. అప్పుడు అట్లకాడతో తిప్పితే అడుగు వైపు బెల్లం రంగు వచ్చి ఉంటుంది. అలా అన్ని వైపులా తిప్పుకుంటూ సన్నని సెగకు మార్చి ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు ఉంచితే ముక్కల అంచులు ముడతలు పడి, మధ్య భాగం గరిటెతో నొక్కగానే నలిగిపోతుంది. ఆ బెల్లం రంగులోనే ఈ సూప్ రుచి అంతా ఉన్నది. నీటిలో ఉడికించిన గుమ్మడికి చప్పని తీపి తప్ప మరే రుచీ రాదు. మాడిన ముక్క ఏదైనా ఉంటే మాత్రం తీసివేయండి, ఒక్క ముక్క చేదు గిన్నె మొత్తానికీ పడుతుంది.

ఆలోగా పక్క పొయ్యి మీద స్టీలు గిన్నెలో ఒక చెంచా నూనె వేసి, ఒక ఉల్లిపాయ సన్నగా తరిగి, ఆరు వెల్లుల్లి రెబ్బలు వేసి, రంగు మారకుండా మెత్తబడనివ్వండి. 400 గ్రాముల టమాటాలను, అంటే మధ్యరకం ఐదింటిని, సగానికి కోసి కోత వైపు కిందికి వచ్చేలా పేర్చి, అర చెంచా ఉప్పు చల్లి మూత పెట్టండి. ఏడెనిమిది నిమిషాలకు తొక్కలు వాటంతట అవే ఊడివస్తాయి. వాటిని పట్టకారుతో తీసివేసి, మూత తెరిచి, గరిటెతో మెదుపుతూ నూనె అంచుకు తేలేవరకు ఇగరనివ్వండి. టమాటా ఎంపికలో నా మాట వింటే, బాగా పుల్లగా ఉండే నాటు టమాటాలు చారుకు పెట్టుకుని, ఈ సూప్‌కు కండ ఎక్కువగా ఉండి గింజ తక్కువగా ఉండే గట్టి హైబ్రిడ్ రకం పండినవి తీసుకోండి.

రెండూ గోరువెచ్చగా అయ్యాక మిక్సీలో వేసి, రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్లలో, అంటే 400 మిల్లీలీటర్లలో, సగం మాత్రమే పోసి తిప్పండి. ఒక నిమిషం తరువాత ఒక పెద్ద చెంచా కరిగిన వెన్న వేసి మరో రెండు నిమిషాలు ఆపి ఆపి తిప్పితే, ఆ కొవ్వు చిన్న చిన్న బిందువులుగా విడిపోయి గుజ్జులో కలిసిపోతుంది. మీగడ వేయకముందే మీగడ వేసినట్లు కనిపించేది ఈ వెన్న వల్లనే. జల్లెడలో వడకట్టి, మిగిలిన నీళ్లతో పలుచన సరిచూసుకుని, అర చెంచా మిరియాల పొడి వేసి ఐదు నిమిషాలు సన్నని సెగ మీద ఉంచండి. గరిటెను ముంచి తీసి, దాని వెనుక వైపు వేలితో గీత గీస్తే ఆ గీత పూడిపోకుండా నిలవాలి. పూడిపోతే ఇంకొంచెం ఇగరనివ్వండి. అన్నపూర్ణ గారు చెప్పిన పెసరపప్పు వేసే పక్షంలో నీళ్లు మరో అర గ్లాసు పడతాయి.

రావు (అరండల్‌పేట, గుంటూరు)

లక్ష్మి గారు చెప్పిన విధానం ఇంటి వంటకు నిస్సందేహంగా మేలైనది. పెద్ద విందుల్లో ముక్కలను ఒకే వరుసగా పరచి వేయించే వీలు ఉండదు కనుక మాకు పిండి తప్పడం లేదు. నలుగురికి చేసేచోట దాని అవసరం లేదన్న మాటతో ఏకీభవిస్తున్నాను.

మిక్సీ గురించి మాత్రం గట్టిగా చెప్పవలసి ఉంది. వేడి గుజ్జును పచ్చడి జారులో వేసి మూత బిగించి తిప్పితే, లోపల ఆవిరి ఒక్కసారిగా వ్యాకోచించి మూతను ఎగరగొడుతుంది. వంటశాలల్లో ముఖాలు, చేతులు కాలడానికి ఇది ఒక ముఖ్య కారణం. గుజ్జు పూర్తిగా గోరువెచ్చగా అయ్యాకనే వేయండి, జారు సగానికి మించి నింపవద్దు. పెద్ద జారు మూత మధ్యలో చిన్న మూత ఉంటే దానిని తీసి, ఆ రంధ్రం మీద మడిచిన గుడ్డ పట్టుకుని, మొదట అతి తక్కువ వేగంతో తిప్పండి.

వల్లి (పటమట, విజయవాడ)

లక్ష్మి గారూ, మీరు వ్రాసినది చదువుతుంటే పక్కన నిలబడి చూపిస్తున్నట్లే ఉంది. రావు గారి జాగ్రత్తను కూడా తప్పక పాటిస్తాను. మీగడ సంగతి ఒక్కటే మిగిలింది. ఇంట్లో రోజూ పాల మీద తీసి ఫ్రిజ్‌లో దాచే మీగడ ఉంది. అది వేయవచ్చా?

కిరణ్ (విజయవాడ)

వెన్న తీయడానికి రోజుల తరబడి పోగుచేసిన మీగడ వేయవద్దు. అది అప్పటికే కొంత పులిసి ఉంటుంది, సూప్ వేడికి వెంటనే పలుకులుగా విడిపోతుంది. ఆ రోజు కాచిన పాల మీది తాజా మీగడనే తీసుకుని, నీళ్లు కలపకుండా చెంచాతో గిలకొట్టి, తరకలు లేకుండా చేసుకోండి.

పాలు ఎందుకు విరుగుతాయో తెలిస్తే ఎలా కలపాలో కూడా తెలిసిపోతుంది. పాలలో కేసీన్ అనే మాంసకృత్తు ఉంటుంది. ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ 4.6 దగ్గరకు దిగేసరికి ఆ కేసీన్ ముద్దకడుతుంది, వేడి తోడైతే అంతకు ముందే ముద్దకట్టవచ్చు. టమాటా గుజ్జు పీహెచ్ చాలా వరకు 4.2 నుంచి 4.6 మధ్య ఉంటుంది. అందుకే వట్టి టమాటా సూప్‌లో పాలు పోస్తే విరుగుతాయి. గుమ్మడికి పులుపు చాలా తక్కువ కనుక గుమ్మడి మూడు పాళ్లు, టమాటా రెండు పాళ్లు ఉన్న లక్ష్మి గారి కొలతలో ఈ ప్రమాదం సహజంగానే తగ్గుతుంది. పాల కన్నా మీగడ మేలు, ఎందుకంటే అందులో కొవ్వు ఎక్కువ, కేసీన్ తక్కువ. దుకాణాల్లో డబ్బాలో దొరికే క్రీములో 25 శాతం దాకా కొవ్వు ఉంటుంది.

కలిపే విధానం ఇది. పొయ్యి ఆపివేసి, సూప్ ఉడుకు పూర్తిగా అణిగాక, మూడు పెద్ద చెంచాల మీగడను విడిగా ఒక గిన్నెలోకి తీసుకోండి. దానిలో ఒక గరిటెడు సూప్‌ను కొద్దికొద్దిగా పోస్తూ కలిపి, మీగడ వెచ్చబడ్డాక ఆ మొత్తాన్ని సూప్‌లో పోయండి. ఆ తరువాత మళ్లీ మరిగించకూడదు. చిటికెడు వంటసోడా వేస్తే పులుపు తగ్గుతుందన్న మాట నిజమే గాని, కాస్త ఎక్కువైనా సబ్బు రుచి వస్తుంది. గుమ్మడి ఉన్న సూప్‌కు ఆ అవసరమే లేదు. మీగడ పడనివారు పది జీడిపప్పులను అరగంట వేడి నీళ్లలో నానబెట్టి గుజ్జుతో పాటు మిక్సీలో వేసుకోవచ్చు. అందులో కేసీన్ లేదు కనుక ఆ విధంగా విరిగే భయం లేదు.

కొవ్వు పూర్తిగా మానివేయడం మాత్రం మంచిది కాదు. గుమ్మడికి రంగునిచ్చే బీటా కెరోటిన్, టమాటాకు రంగునిచ్చే లైకోపీన్ రెండూ కొవ్వులో కరిగేవే. కాస్త వెన్నో నూనో ఉంటేనే అవి ఒంటికి పడతాయి.

నాగమణి (నర్సు, సూర్యారావుపేట, విజయవాడ)

వల్లి గారూ, పన్ను తీయించిన వారి విషయం కనుక నేను కూడా చెప్పదలచుకున్నాను. సూప్‌ను గోరువెచ్చగానే ఇవ్వండి. వేడి తగిలితే పన్ను తీసిన చోట గడ్డకట్టిన రక్తం కరిగి మళ్లీ రక్తం రావచ్చు. స్ట్రాతో పీల్చనివ్వకండి, పీల్చేటప్పుడు కలిగే ఒత్తిడికి ఆ గడ్డ ఊడిపోయి ఎముక బయటపడితే విపరీతమైన నొప్పి వస్తుంది. చెంచాతో నెమ్మదిగా తాగించడం మంచిది. మిరియాలు ఇప్పుడు వేయకండి, గింజలు, వేయించిన రొట్టె ముక్కలు పైన చల్లకండి. వడకట్టడం తప్పనిసరి, టమాటా గింజ ఒక్కటి గాయంలో ఇరుక్కున్నా ఇబ్బందే. మీ దంత వైద్యులు వేరుగా చెప్పి ఉంటే వారి మాటే పాటించండి.

మధు (గవర్నర్‌పేట, విజయవాడ)

మా అమ్మగారికి మధుమేహం ఉంది. గుమ్మడి తియ్యగా ఉంటుంది కనుక ఈ సూప్ ఇవ్వవచ్చునా అన్నది నా సందేహం. తెలిసినవారు చెప్పగలరు.

నాగమణి (నర్సు, సూర్యారావుపేట, విజయవాడ)

మధు గారూ, 100 గ్రాముల గుమ్మడిలో పిండి పదార్థాలు ఆరేడు గ్రాములే, టమాటాలో నాలుగు గ్రాముల లోపే ఉంటాయి. లక్ష్మి గారి కొలత ప్రకారం ఒక మనిషి వంతుకు 150 గ్రాముల గుమ్మడి, 100 గ్రాముల టమాటా వస్తాయి కనుక మొత్తం మీద పద్నాలుగు గ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఉల్లిపాయ, పెసరపప్పు వేస్తే ఇంకొంచెం పెరుగుతుంది. అన్నం ఒక కప్పు తగ్గించి దాని బదులు ఇస్తే ఫరవాలేదు, అన్నానికి అదనంగా ఇవ్వడం మాత్రం సరికాదు. మెత్తగా రుబ్బినది త్వరగా అరుగుతుంది కనుక చక్కెర కూడా త్వరగా పెరుగుతుందని గుర్తుంచుకుని, ఇచ్చిన రెండు గంటలకు ఒకసారి పరీక్ష చేసి చూసుకోండి. మూత్రపిండాల సమస్య కూడా ఉంటే, గుమ్మడిలోను, టమాటాలోను పొటాషియం ఎక్కువ కనుక వైద్యుణ్ణి అడగకుండా ఇవ్వవద్దు.

వల్లి (పటమట, విజయవాడ)

ఈ రోజు మధ్యాహ్నం లక్ష్మి గారి కొలతలతో, పెసరపప్పు కూడా వేసి చేశాను. 600 గ్రాముల ముక్కలు వేగిన తరువాత తూచితే 410 గ్రాములు వచ్చాయి. గంట తరువాత చూసినా నీరు విడిపోలేదు, మీగడ విరగలేదు. నాన్నగారు రెండు గిన్నెలు తాగారు. మాకు మాత్రం తీపి కాస్త ఎక్కువనిపించింది. ఆయనకు తీసి ఇచ్చిన తరువాత మిగిలిన మావంతుకు ఏదైనా చేయవచ్చా? మిగిలినది ఎన్ని రోజులు నిలవ ఉంటుందో కూడా చెప్పండి.

అన్నపూర్ణ (బ్రాడీపేట, గుంటూరు)

చాలా సంతోషమమ్మా. కాయ బాగా పండినదై ఉంటుంది, అందుకే ఆ తీపి. తీపిని తగ్గించడానికి ఇంకా టమాటా వేస్తే పచ్చి వాసన వస్తుంది. మీ వరకు ఒక చెంచా వెన్న కరిగించి, జీలకర్ర వేసి, గింజలు దులిపేసిన గుంటూరు ఎండుమిర్చి ఒకటి తుంచి వేసి, మిర్చి నల్లబడకముందే ఆ తాలింపును సూప్ మీద పోయండి. కారం వెన్నలోకి దిగుతుంది కనుక మిర్చి ముక్కలను తీసివేసినా సరిపోతుంది. తాగే ముందు గిన్నెకు నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే తీపి అణుగుతుంది. నిమ్మరసాన్ని పొయ్యి మీద ఉన్న గిన్నెలో పిండవద్దు, మీగడ ఉన్నదన్న సంగతి మరిచిపోకూడదు.

లక్ష్మి (మంగళగిరి)

మీగడ కలపని గుజ్జును మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు నిశ్చింతగా నిలుస్తుంది, ఫ్రీజరులో పెడితే రెండు మూడు నెలలు ఉంటుంది. మీగడ కలిపినది మరునాటికి అయిపోవాలి. కనుక గుజ్జు ఎక్కువగా చేసుకుని, ఏ పూటకు కావలసినది ఆ పూటకు తీసి వేడిచేసి, అప్పుడే మీగడ కలుపుకోవడం మంచిది.

పద్మ (లాలాపేట, గుంటూరు)

మాకు కార్తిక మాసమంతా ఉల్లి, వెల్లుల్లి ఉండవు. అవి లేకుండా చేస్తే రుచి, చిక్కదనం తగ్గుతాయా?

అన్నపూర్ణ (బ్రాడీపేట, గుంటూరు)

తగ్గవలసిన పని లేదమ్మా పద్మా. ఉల్లిపాయ ఇచ్చే చిక్కదనాన్ని పెసరపప్పు ఇస్తుంది, కనుక రెండు చెంచాల బదులు మూడు చెంచాలు వేసుకో. వెల్లుల్లి స్థానంలో అంగుళం అల్లం ముక్కను సన్నగా తరిగి టమాటాతో పాటే మగ్గబెట్టు. ఇంగువను మాత్రం గుజ్జులో నేరుగా వేస్తే పచ్చి వాసన వస్తుంది. చిటికెడు ఇంగువను కాగిన వెన్నలో పొంగనిచ్చి, ఆ వెన్ననే మిక్సీలో వేసే వెన్నగా వాడుకో.